పేదకీ గొప్పకీ ఒకే కొలబద్దేనా? ఆరోగ్య సర్వేల్లో కొలత దోషం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చదువు, ఆదాయం, కులం, ఉద్యోగం లాంటివాటికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద ఏదో ఒక సర్వే ఫలితం వార్తల్లో కనిపిస్తూనే ఉంటుంది. ప్రజారోగ్యంలో పీజీ (ఎంపీహెచ్) చదివేవాళ్లు, సర్వే డేటాతో పనిచేసేవాళ్లు, ఆ వార్తలు రాసే విలేకరులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. సూత్రాలు వీలైనంత తగ్గించాను. ఒక్క విషయం దగ్గరికి మాత్రం పదే పదే వస్తాను: కొలతలో తప్పు ఎంతుందో తెలుసుకోవడం ఒక ఎత్తు, ఆ తప్పు ఎవరి విషయంలో ఎక్కువ జరుగుతోందో తెలుసుకోవడం ఇంకో ఎత్తు. రెండోదాన్ని చాలామంది అడగరు.

కొలత దోషం అంటే ఏమిటి? ఇంటింటికీ తిరిగి వివరాలు అడిగే ఎన్యూమరేటర్ తప్పుగా రాసుకోవడమా?

అది ఒక భాగమే. మనం తెలుసుకోవాలనుకున్నదానికీ, చివరికి డేటా షీటులో పడిన అంకెకీ మధ్య ఉన్న తేడా అంతా కొలత దోషమే. అడిగిన మనిషి గుర్తు లేక చెప్పిన జవాబు, సిగ్గుపడి దాచిన జవాబు, బీపీ మిషన్ పట్టీ చేతికి సరిపోకపోవడం, "పేదరికం" అని పేరు పెట్టి రేషన్ కార్డు రంగును నమోదు చేయడం, అన్నీ ఇందులోకే వస్తాయి.

ముఖ్యంగా రెండు రకాలు. గాలికి ఊగే తక్కెడ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది. రాయి తరుగున్న తక్కెడ ఎప్పుడూ ఒకే వైపు మోసం చేస్తుంది. మొదటిది యాదృచ్ఛిక దోషం, రెండోది క్రమబద్ధ దోషం. ఆరోగ్యానికీ అంతస్తుకీ సంబంధం వెతికేటప్పుడు మూడో రకం కూడా ఉంటుంది: కొనేవాడిని బట్టి రాయి మార్చే తక్కెడ. పేదవాళ్లను ఒకలా, ఉన్నవాళ్లను ఒకలా కొలిచే ఈ మూడో రకమే అన్నిటికంటే ప్రమాదం.

యాదృచ్ఛిక దోషం ఎటూ సగటులో సర్దుకుపోతుంది కదా?

ఒక ఊరి సగటు బీపీ కావాలంటే సర్దుకుపోతుంది. ఒకదానికీ ఇంకొకదానికీ సంబంధం కావాలంటే పోదు. కారణం వైపున్న కొలతలో యాదృచ్ఛిక దోషం ఉంటే సంబంధం పలుచబడి కనిపిస్తుంది. గణాంకవేత్తలు దీన్ని రిగ్రెషన్ డైల్యూషన్ అంటారు. చార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే దీన్ని సరిదిద్దే సూత్రం ఇచ్చాడు.

లెక్క ఇలా ఉంటుంది. మనం నమోదు చేసిన ఆదాయాల్లో కనిపించే హెచ్చుతగ్గుల్లో 60 శాతమే నిజమైన తేడాలు, మిగతా 40 శాతం తప్పుల వల్ల వచ్చినవి అనుకుందాం. ఆదాయం ఒక మెట్టు పెరిగితే నిజంగా 10 పాయింట్ల మార్పు వచ్చే చోట మన గ్రాఫు 6 పాయింట్లే చూపిస్తుంది.

దీనికి పేరున్న ఉదాహరణ 1990లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తొమ్మిది దీర్ఘకాల అధ్యయనాలు, సుమారు 4,20,000 మంది. మొదట్లో ఒక్కసారి కొలిచిన డయాస్టాలిక్ బీపీతో (బీపీలో కింది అంకె) పక్షవాతం, గుండెజబ్బు ముప్పును పోల్చారు. ఒక్కసారి కొలిచిన బీపీ ఆ మనిషి మామూలు బీపీ కాదు. ఆ రోజు ఎక్కువ వచ్చినవాళ్లకు మళ్లీ కొలిస్తే చాలామందికి తగ్గుతుంది. ఈ పలుచబాటును సరిచేశాక సంబంధం దాదాపు 60 శాతం ఎక్కువ బలంగా ఉందని తేలింది. బీపీ విషయంలో డాక్టర్ల దృష్టి మారడానికి ఈ లెక్క కూడా ఒక కారణం.

ఒక చిన్న సవరణ. ఫలితం వైపున్న కొలతలో, అంటే బీపీ, బరువు లాంటి అంకెల్లో యాదృచ్ఛిక దోషం ఉంటే సంబంధం వాలు (గ్రాఫు గీత ఎంత నిటారుగా ఉందన్నది) మారదు, అనిశ్చితి మాత్రం పెరుగుతుంది. అదే ఫలితం "ఉంది/లేదు" రకమైతే ఈ హామీ కూడా ఉండదు.

అంటే కొలత దోషం ఉంటే అసలు సంబంధం ఇంకా పెద్దదే అనుకోవచ్చన్నమాట?

థీసిస్‌లలో చివరి అధ్యాయంలో తప్పకుండా కనిపించే వాక్యం ఇది: "కొలతలో లోపాలున్నా అవి ఫలితాన్ని తగ్గించేవే కాబట్టి మా అంచనా జాగ్రత్తతో కూడినదే." ఆ వాక్యం చాలాసార్లు తప్పు. అది నిజం కావాలంటే దోషం పూర్తిగా యాదృచ్ఛికం కావాలి, అంతస్తుతో దానికి ఏ సంబంధమూ ఉండకూడదు, మధ్యలో ఇంకే అంశమూ అడ్డం రాకూడదు. ఆరోగ్యం, అంతస్తు విషయంలో ఈ మూడూ ఒకేసారి కుదరడం అరుదు.

ఊహకి ఒక లెక్క తీసుకుందాం. వెయ్యిమంది పేదలు, వెయ్యిమంది ఉన్నవాళ్లు. రెండు వైపులా నిజంగా హైబీపీ ఉన్నవాళ్లు 250 మందే, ఏ తేడా లేదు. సర్వేలో ప్రశ్న: "మీకు బీపీ ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా?" ఉన్నవాళ్లు ఏటా చెకప్ చేయించుకుంటారు, 250లో 200 మందికి తెలుసు. పేదల్లో నొప్పి వస్తే తప్ప ఆస్పత్రి గడప తొక్కరు, 250లో 100 మందికే తెలుసు. సర్వే ఫలితం: ఉన్నవాళ్లలో 20 శాతం, పేదల్లో 10 శాతం. లేని తేడా రెట్టింపై కూర్చుంది. మర్నాడు పేపర్లో "డబ్బున్నోళ్ల జబ్బు" అని హెడ్డింగ్ పడుతుంది.

ఇది ఊహాలెక్కే కదా, నిజంగా ఇలా ఎక్కడైనా జరిగిందా?

ఢిల్లీలో జరిగింది. 2000-2002 మధ్య 1,621 మందిని వెంటాడి, కొన్నాళ్లు వారం వారం, కొన్నాళ్లు నెలకోసారి వాళ్ల జబ్బుల గురించి అడిగారు. 2008లో అదే పనిని ప్రయోగంలా మళ్లీ చేశారు: ఏ ఇంటిని ఎన్ని రోజులకోసారి అడగాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. జిష్ణు దాస్, జెఫ్రీ హ్యామర్, కరోలినా సాంచెజ్-పరామో 2012లో ప్రచురించిన ఆ పరిశోధన ఈ రంగంలో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి.

నెల రోజుల జ్ఞాపకం మీద అడిగితే అందరూ జబ్బులు మరిచిపోయారు. కానీ పేదలు ఎక్కువ మరిచిపోయారు. ఎంత ఎక్కువంటే, వారానికోసారి అడిగితే పేదలు ఉన్నవాళ్లకంటే ఎక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్తున్నట్టు తేలింది. నెలకోసారి అడిగితే తక్కువసార్లు వెళ్తున్నట్టు తేలింది. మనుషులూ బస్తీలూ అవే. ప్రశ్నలోని వ్యవధి మారితే సంబంధం దిశే తిరగబడింది.

ఎందుకు? జబ్బు అరుదుగా వచ్చేవాళ్లకు అది గుర్తుండిపోతుంది. ఒళ్లునొప్పులు, దగ్గు, జ్వరం రోజువారీ బతుకులో కలిసిపోయినవాళ్లకు ఏది చెప్పాలో, ఏది జబ్బో తెలియదు. పనిమానితే కూలి పోతుంది కాబట్టి జ్వరంతోనే పనికి వెళ్తారు, ఆ జ్వరం లెక్కలోకి రాదు. ఆ పరిశోధకులదీ ఇలాంటి ఊహే, ఊళ్లల్లో సర్వే చేసినవాళ్లెవరినడిగినా దాదాపు ఇదే చెబుతారు.

ఇలాంటి తికమకనే అమర్త్య సేన్ 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో ఎత్తి చూపించాడు. ఆయుర్దాయంలో దేశంలో ముందుండే కేరళలోనే జనం తమకు జబ్బులున్నాయని ఎక్కువగా చెబుతారు. బిహార్‌లో తక్కువగా చెబుతారు. చదువు, ఆస్పత్రులు అందుబాటులో ఉన్నచోట జబ్బును జబ్బుగా గుర్తించడం పెరుగుతుంది. ప్రజలు చెప్పిన అంకెల్నే నమ్మితే కేరళకంటే బిహార్‌కు తక్కువ డబ్బు కేటాయించాల్సి వస్తుంది.

మన జాతీయ నమూనా సర్వేలో ఎన్ని రోజుల జ్ఞాపకం మీద అడుగుతారు?

ఆరోగ్యం మీద వచ్చే ఎన్ఎస్ఎస్ రౌండ్లలో మామూలు జబ్బులకు గత 15 రోజులు, ఆస్పత్రిలో చేరడానికి గత 365 రోజులు. ఆస్పత్రిలో చేరడం పెద్ద ఘటన, ఏడాదైనా గుర్తుంటుంది. అయినా మొదటి నెలల్లోవి కొన్ని జారిపోతాయి.

ఖర్చు సర్వేల్లో ఈ వ్యవధి గొడవ ఇంకా పెద్దది. 1990ల్లో 30 రోజులకు బదులు 7 రోజుల జ్ఞాపకం మీద తిండి ఖర్చు అడిగి చూశారు. చెప్పే ఖర్చు పెరిగి, కాగితం మీద పేదల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. 1999-2000 రౌండులో రెండు వ్యవధుల్నీ ఒకే ఇంట్లో పక్కపక్కనే అడగడంతో ఒక జవాబు ఇంకోదాన్ని ప్రభావితం చేసింది, ఆ అంకెల్ని పాతవాటితో పోల్చడం కుదరక ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి.

సామాజిక అంతస్తును దేనితో కొలుస్తారు? తెల్ల రేషన్ కార్డు సరిపోదా?

సరిపోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు అర్హతకు తెల్లకార్డునే ఆధారం చేసుకున్నారు. జనాభాలో అయిదింట నాలుగొంతుల మంది దాని కిందికి వచ్చారు. పథకం అమలుకు అది మంచిదే కావచ్చు. పరిశోధకుడికి మాత్రం, పదిమందిలో ఎనిమిది మంది ఒకే గదిలో ఉంటే ఆ గదికి "పేదలు" అని బోర్డు పెట్టడంలో అర్థం లేదు. సొంత ట్రాక్టరున్న రైతూ, ఉపాధి హామీ పనికి వెళ్లే ఒంటరి మహిళా ఒకే గడిలో పడతారు. అలాంటి డేటాలో "కార్డున్నవాళ్లకీ లేనివాళ్లకీ ఆరోగ్యంలో తేడా లేదు" అని తేలితే అది కార్డు గురించి చెబుతుందే తప్ప పేదరికం గురించి చెప్పదు.

ఆదాయం అడగడం ఇంకా కష్టం. ఉద్యోగికి జీతం ఉంటుంది. వ్యవసాయం, మిర్చి వ్యాపారం, మేస్త్రి పని కలిపి బతికే ఇంటికి "నెల ఆదాయం ఎంత?" అన్న ప్రశ్నే సరిపోదు.

అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆదాయం అడగదు. ఇంట్లో ఉన్న వస్తువులు, ఇంటి గోడలు, నీళ్లు, మరుగుదొడ్డి, వంటచెరకు చూసి సంపద సూచీ తయారుచేసి ఇళ్లను అయిదు భాగాలుగా విడగొడుతుంది. డియాన్ ఫిల్మర్, లాంట్ ప్రిచెట్ 2001లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పనికొచ్చే పద్ధతే. కానీ వస్తువుల అర్థం మారుతూ ఉంటుంది. తమిళనాడు ప్రభుత్వం 2006 నుంచి ఉచితంగా కలర్ టీవీలు పంచాక అక్కడ టీవీ ఉండడం సంపదకు గుర్తు కాకుండా పోయింది. 1999లో వచ్చిన దీపం పథకంతో గ్యాస్ కనెక్షన్ ఉన్నంత మాత్రాన వంట దానిమీదే చేస్తున్నారని అనుకోలేం. ఎద్దులు, ఆవులు పల్లెలో ఆస్తి, పట్నంలో వాటి ఊసే ఉండదు.

కులం వర్గాల విషయంలోనూ ఇదే ఇబ్బంది. జాతీయ సర్వేలు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, ఇతరులు అనే నాలుగు గళ్లు పెడతాయి. మన బీసీ జాబితాలోనే ఏ, బీ, సీ, డీ, ఈ గ్రూపులున్నాయి. ఓబీసీ అన్న ఒక్క గడిలో సంచార కులాలవాళ్లనీ, భూములున్న కులాలవాళ్లనీ కలిపి సగటు తీస్తే ఆ సగటు ఎవరిదీ కాదు.

పథకాలు పోతాయన్న భయంతో జనం అబద్ధం చెబితే?

చెబుతారు, తప్పు పట్టలేం కూడా. 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు బస్సులు కిటకిటలాడాయి. ఎక్కడెక్కడో పనిచేసుకునేవాళ్లంతా లెక్కలో ఉండాలని సొంతూళ్లకు పరుగెత్తారు. సర్వేకీ పథకానికీ ముడి ఉందని జనం అనుకున్నాక, బైకు పక్కింటి వాకిట్లోకి వెళ్తుంది, కొడుకు జీతం నోటికి రాదు. ఇది యాదృచ్ఛిక దోషం కాదు. పైమెట్టు మీదివాళ్లు కిందికి దిగి నిలబడతారు. దాంతో "పేదల" గుంపులో ఆరోగ్యవంతులు కలిసిపోయి తేడా తక్కువగా కనిపిస్తుంది.

ప్రశ్న మాటల్లోనే తప్పు ఉండొచ్చా?

ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు పల్లెల్లో, ఆడవాళ్లు చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని తాగే అలవాటు తరాలుగా ఉంది. అడ్డపొగ అంటారు. అంగిలి క్యాన్సర్‌కు దానికి సంబంధం ఉందని చాలాకాలంగా తెలుసు. అక్కడికి వెళ్లి "మీరు సిగరెట్ తాగుతారా అమ్మా?" అని అడిగితే "లేదు బాబూ" అన్న నిజాయితీ జవాబు వస్తుంది. డేటాలో ఆవిడ పొగ తాగని పేద మహిళ. తర్వాత ఆమెకు జబ్బు వస్తే నేరం పేదరికం మీదికి పోతుంది. కల్లు విషయం కూడా అంతే. "మందు తాగుతావా?" అంటే కల్లు మందు కింద లెక్కేసుకోనివాళ్లు బోలెడు.

ఎవరు పక్కన కూర్చున్నారన్నదీ ముఖ్యమే. అత్తగారు వింటుండగా కోడలు చెప్పే జవాబు, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పే జవాబు ఒకటి కావు. ఇంటిపెద్ద ఒక్కడే అందరి జబ్బుల గురించీ చెప్పే సర్వేల్లో ఆడవాళ్ల రోగాలు చాలామటుకు కనబడవు.

మిషన్‌తో కొలిస్తే ఈ గొడవ ఉండదు కదా?

కొంత తగ్గుతుంది. మిషన్లకీ వాటి సొంత పక్షపాతాలుంటాయి.

రక్తహీనత సంగతి చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 2015-16లో 53 శాతం, 2019-21లో 57 శాతం. ఇక్కడ వేలి చివర గుచ్చి తీసిన రక్తపు చుక్కను చేతిలో పట్టే మిషన్‌తో కొలుస్తారు. 2016-18లో పిల్లల మీద జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వేలో నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో కొలిచారు. అందులో 1-4 ఏళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతం. దాదాపు అదే వయసు పిల్లల్లో కుటుంబ సర్వే 2015-16లో చెప్పింది సుమారు 59 శాతం. ఈ తేడా అంతా పిల్లల ఆరోగ్యంలో వచ్చిన మార్పు అనుకోవడం కష్టం. వేలిని పిండినప్పుడు కణజాల ద్రవం కలిసి రక్తం పలుచబడే అవకాశం ఉంది. ఈ వివాదం తర్వాత ఆరో విడత కుటుంబ సర్వే నుంచి రక్తహీనతను తీసేసి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార, బయోమార్కర్ల (రక్తం లాంటి నమూనాల్లో కొలిచే ఆరోగ్య సూచికల) సర్వేకు ఆ పని అప్పగించారు.

వేలి పరీక్షలో తప్పు అందరికీ ఒకేలా ఉంటే శాతం మారినా పేద-గొప్ప క్రమం మారదు. కూలి పనితో కాయలు కాసిన వేలిని ఎక్కువ పిండాల్సి వస్తే? అడగాల్సిన ప్రశ్నే.

కోవిడ్ కాలంలో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అమెరికా అధ్యయనం ప్రకారం, మిషన్ 92-96 శాతం చూపిస్తున్నా రక్తంలో ఆక్సిజన్ నిజానికి 88 శాతం కంటే తక్కువున్న సందర్భాలు తెల్లవాళ్లలో 3.6 శాతమైతే నల్లజాతివాళ్లలో 11.7 శాతం. చర్మం రంగును బట్టి కొలత తప్పింది. అమెరికాలో రంగు సామాజిక స్థాయితో ముడిపడి ఉంది కాబట్టి, ఆ మిషన్ అంకెల్ని నమ్ముకున్న ఏ పోలికైనా నల్లజాతి రోగుల జబ్బు తీవ్రతను తక్కువ చేసి చూపిస్తుంది.

వయసులో కూడా తప్పులుంటాయా? ఆధార్ ఉందిగా?

ఆధార్‌లో ఉన్న వయసు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. బడిలో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టరు వేసిన తేదీ చాలామందికి జీవితాంతం పుట్టినరోజు. పెద్దవాళ్లు చెప్పే వయసులు 40, 45, 50, 60 దగ్గర గుంపులు కడతాయి. దీన్ని కొలవడానికి విపుల్ సూచీ ఉంది: 23-62 ఏళ్ల మధ్య, సున్నా, అయిదులతో ముగిసే వయసుల మీద మొగ్గు లేకపోతే 100, అందరూ అవే చెబితే 500. చదువు తక్కువున్నచోట ఈ సూచీ ఎక్కువ. అంటే వయసు దోషం కూడా అంతస్తును అంటిపెట్టుకునే ఉంటుంది. అందుకే కృష్ణా తీరంలో అడిగేవాళ్లు "దివిసీమ ఉప్పెన నాటికి నీకు పెళ్లయిందా మామ్మా?" అంటారు. 1977 అన్న సంవత్సరం ఎవరికీ గుర్తుండక్కర్లేదు, ఉప్పెన గుర్తుంటుంది.

పిల్లల్లో నెలల తేడా కూడా కొంప ముంచుతుంది. వయసుకు తగ్గ ఎత్తు లెక్కలో, పుట్టిన నెల సరిగా తెలియక డిసెంబరు అని రాసిన పిల్లవాడు నిజానికి అంతకంటే పెద్దవాడు కావచ్చు, కాబట్టి పొడుగ్గా కనిపిస్తాడు. జనవరి అని రాసినవాడు దీనికి రివర్స్. చాలా దేశాల సర్వేల్లో డిసెంబరు పిల్లలు జనవరి పిల్లలకంటే వయసుకు తగ్గ ఎత్తు ఎక్కువ ఉన్నట్టు కనిపించడానికి ఇదే కారణమని తేలింది. జ్యోతిష్యం కాదు.

"చదువు, ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నాం" అని రాస్తే ఇక సందేహం అక్కర్లేదా?

అసలు సందేహం అక్కడే మొదలవ్వాలి. సరిగా కొలవని అంశాన్ని లెక్కలోకి తీసుకుంటే దాని ప్రభావంలో కొంతే తొలగుతుంది. మిగిలింది మనం మెచ్చుకునే ఇంకో అంశం ఖాతాలో పడుతుంది. ఇక్కడ కొలత దోషం సంబంధాన్ని పలుచన చేయదు, లేనిదాన్ని పుట్టిస్తుంది.

మెనోపాజ్ తర్వాత హార్మోన్ మాత్రలు వేసుకునే మహిళలకు గుండెజబ్బు తక్కువని, మందు ఇచ్చి చూడకుండా జనాన్ని గమనించి మాత్రమే చేసే ఎన్నో పరిశీలన అధ్యయనాలు చెప్పాయి. లక్షలమంది వేసుకున్నారు. 2002లో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ ట్రయల్‌లో (లాటరీ పద్ధతిలో కొందరికే మాత్రలిచ్చి పోల్చిన ప్రయోగం) ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. ముఖ్య కారణం రొమ్ము క్యాన్సర్ ముప్పు, కానీ గుండెజబ్బు కూడా తగ్గకపోగా కాస్త పెరిగింది. మాత్ర మొదలుపెట్టిన వయసు కూడా కారణమే అన్న వాదన ఉంది. కానీ ఆ మాత్రలు వేసుకున్నవాళ్లు చదువుకున్న, స్థోమతున్న మహిళలు, వాళ్ల అంతస్తును ఒకటి రెండు ప్రశ్నలతో కొలిచి "సరిచేశాం" అనుకోవడం కథలో పెద్ద భాగం. విటమిన్ సి విషయంలోనూ ఇలాగే జరిగింది. రక్తంలో విటమిన్ సి ఎక్కువున్నవాళ్లకు గుండెజబ్బులు తక్కువన్నారు, ట్రయల్స్‌లో మాత్రలిస్తే ఏ ఉపయోగమూ కనిపించలేదు. పండ్లు తినే బాల్యం వెనక ఏ ఇల్లు, ఏ చదువు ఉన్నాయో ఒక్క "ఉద్యోగం" గడిలో పట్టదు.

లండన్ ప్రభుత్వోద్యోగుల హోదాకీ ఆరోగ్యానికీ సంబంధం చూసిన వైట్‌హాల్ అధ్యయనం గురించి తరచూ వింటాం. దానికీ ఈ గొడవ వర్తిస్తుందా?

వర్తిస్తుంది, రెండు వైపులా. 1967లో మొదలైన మొదటి అధ్యయనం సుమారు 18,000 మంది మగ ప్రభుత్వోద్యోగుల్ని తీసుకుంది. అట్టడుగు గ్రేడువాళ్లలో మరణాలు పైగ్రేడుతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. అందరూ ఒకే నగరంలో, ఒకే యజమాని కింద ఉన్నవాళ్లు. ఇంత నిటారైన మెట్ల వరస కనిపించడానికి ఒక కారణం, గ్రేడు చాలా ఖచ్చితమైన కొలత. తన గ్రేడు ఏదో ఉద్యోగికి స్పష్టంగా తెలుసు, తప్పు చెప్పే అవకాశం తక్కువ. అయినా దానికి సొంత కారు ఉందా లేదా అన్నది జోడిస్తే ఒకే గ్రేడులోనూ మరణాల్లో తేడా కనిపించింది. అంటే గ్రేడు కూడా అంతస్తు మొత్తాన్ని పట్టుకోలేదు.

1985లో మొదలైన రెండో వైట్‌హాల్ అధ్యయనంలో ఆడవాళ్లతో కలిపి 10,308 మంది. పొగ, మద్యం, తిండి, వ్యాయామం లాంటి అలవాట్లు ఈ మరణాల తేడాలో ఎంత వాటా వివరిస్తాయి? మొదట్లో ఒక్కసారి కొలిచిన అలవాట్లతో లెక్కిస్తే 42 శాతం. మళ్లీ మళ్లీ కొలిచిన అలవాట్లతో లెక్కిస్తే 72 శాతం. 2010లో వచ్చిన ఈ లెక్క చాలా వాదనల్ని తలకిందులు చేసింది. "అలవాట్లు కొంతవరకే, మిగతాదంతా హోదా తెచ్చే ఒత్తిడి" అని తేల్చేసినవాళ్లు, ఆ "మిగతాదాంట్లో" ఎంత భాగం నిజంగా ఒత్తిడో, ఎంత భాగం ఒక్కసారి అడిగి వదిలేసిన ప్రశ్నల లోపమో మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. ఒత్తిడి పాత్ర లేదని దీని అర్థం కాదు. బాగా కొలిచినదానికి ఘనత దక్కుతుంది, సరిగా కొలవనిదాని ఘనత పక్కదానికి పోతుంది.

ఆస్కార్ గెలిచినవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారట, నిజమేనా?

2001లో కెనడా పరిశోధకులు ఆస్కార్ గెలిచిన నటులు గెలవనివాళ్లకంటే 3.9 ఏళ్లు ఎక్కువ బతికారని లెక్కగట్టారు. హోదా ఆయుష్షు పోస్తుందని ప్రపంచమంతా రాశారు. చిక్కేమిటంటే, బతికుంటేనే కదా అవార్డు వచ్చేది! అరవయ్యో ఏట గెలిచిన నటుడు అంతకుముందు బతికిన అరవై ఏళ్లనూ "విజేత" ఖాతాలో రాశారు. 2006లో ఇంకో బృందం ఆ ఏళ్లను సరైన ఖాతాలోకి మార్చి చూస్తే తేడా సుమారు ఏడాదికి పడిపోయింది, అదీ గట్టిగా చెప్పలేనిది. చావు తేదీ, పుట్టిన తేదీ అన్నీ నిజమే. హోదా ఎప్పటినుంచి మొదలైందో కొలవడంలో తప్పు.

శాంపిల్ పెద్దదైతే సమస్య తీరుతుందా?

తీరదు. తప్పు జవాబు మీద నమ్మకం పెరుగుతుంది, అంతే.

లెక్కలతో సరిదిద్దే పద్ధతులు ఉన్నాయి కదా?

ఉన్నాయి. కొంతమందిని మళ్లీ కొలిచి దోషం ఎంతుందో అంచనా కట్టి సరిచేసే రిగ్రెషన్ కాలిబ్రేషన్ ఉంది. కావాలనే ఇంకొంచెం దోషం కలిపి, ఫలితం ఎటు కదులుతుందో చూసి వెనక్కి లెక్కించే సిమెక్స్ ఉంది. అన్నిటికీ ఒకటే షరతు: దోషం ఎలాంటిదో తెలియాలి. దానికి డబ్బు ఖర్చుపెట్టి చిన్న ఉపనమూనాలో మెరుగైన కొలత తీసుకోవాలి. మన దగ్గర ఎక్కువ ప్రాజెక్టులు ఈ ఖర్చునే ముందు కొట్టేస్తాయి.

సరిదిద్దడం కూడా వివాదమే. 52 కేంద్రాల్లో ఉప్పుకీ బీపీకీ సంబంధం చూసిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 1988లో వచ్చింది. ఒక్క రోజు మూత్రంలో ఉప్పు ఆ మనిషి అలవాటును చెప్పదు కాబట్టి 1996లో పలుచబాటును సరిచేసి, సంబంధం ఇంకా బలమైనదన్నారు. ఉప్పు పరిశ్రమ ఎలాగూ గొడవ చేసింది. పరిశ్రమతో సంబంధం లేని ఎపిడెమియాలజిస్టులు (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తాయో లెక్కలతో చూసేవాళ్లు) కూడా, ఉప్పు, బీపీ రెండిటి దోషాలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే ఇలా సరిచేయడం అతి అవుతుందని అభ్యంతరం చెప్పారు. నా ఉద్దేశంలో ఆ అభ్యంతరంలో న్యాయముంది. ఊహ మీద ఆధారపడిన సవరణను, సవరించని అంకె పక్కనే చూపించాలి.

నా థీసిస్ డేటాలో రేషన్ కార్డు, చదువు మాత్రమే ఉన్నాయి. డేటా సేకరణ అయిపోయింది. ఏం చేయను?

టెన్షన్ పడకండి, చేయగలిగింది ఉంది. కార్డును పక్కనపెట్టి చదువును ముఖ్య కొలతగా తీసుకోండి. పెద్దయ్యాక చదువు పెద్దగా మారదు, జనం దాన్ని మరీ తప్పుగానూ చెప్పరు. ఇంటిపెద్ద చదువొక్కటే కాకుండా తల్లి చదువు కూడా ఉంటే వాడండి. "డాక్టరు చెప్పారా?" అని అడిగిన జబ్బుల్నీ, మీరే మిషన్‌తో కొలిచినవాటినీ ఒకే పట్టికలో కలపకండి. తేడా ఏ వర్గంలో ఎక్కువుందో విడిగా చూపించండి, ఒక్కోసారి థీసిస్‌లో అసలు విషయం అదే అవుతుంది.

తర్వాత ఒక ఊహా పరీక్ష చేయండి. పేదల్లో సగం మందికే తమ జబ్బు తెలుసు, ఉన్నవాళ్లలో పదిమందిలో ఎనిమిది మందికి తెలుసు అనుకుంటే మీ ఫలితం నిలుస్తుందా? ఏ అంకె దగ్గర తిరగబడుతుంది? ఎక్సెల్ చాలు దీనికి. ఆ తిరగబడే అంకెను థీసిస్‌లో రాయండి. "లోపాలున్నా మా అంచనా జాగ్రత్తతో కూడినదే" అన్న వాక్యాన్ని కొట్టేయండి. గైడుగారు అడిగితే ఢిల్లీ అధ్యయనం చూపించండి.